పాళీ మనిషి ఇంట్లో కుందేలు వంట

కుందేలు మాంసం వండటం కష్టమైన పనేమీ కాదు. కోడిని వండినట్టు వండితేనే పాడవుతుంది. కోడికి తోలు ఉంటుంది, ఆ తోలు కింద కొవ్వు ఉంటుంది. మేక మాంసంలో కండల నడుమే కొవ్వు పేరుకుని ఉంటుంది. నిప్పు తగిలినప్పుడు ఆ కొవ్వు కరిగి మాంసాన్ని ఎండిపోనివ్వదు. కుందేలుకు బొచ్చుతో పాటు తోలూ ఊడదీసేస్తారు. లోపల చూస్తే గుర్దాల చుట్టూ కాస్త తెల్లటి కొవ్వు తప్ప కండలో చెప్పుకోదగ్గదేమీ ఉండదు. అందుకే పెద్ద మంట మీద అరగంట వేపితే పైన మాడుతుంది, లోపల పీచుపీచుగా గట్టిపడుతుంది. తిన్నవాళ్లు "ఏం రుచి లేదు" అని లేచిపోతారు. తప్పు మాంసానిది కాదు, మంటది.

ఈ వ్యాసం సోలాపూర్ కుమఠా నాకాలో, దాని చుట్టుపక్కల బస్తీల్లో ఉండే మన తెలుగు ఇళ్ల కోసం రాస్తున్నాను. తెలంగాణ పల్లెల నుంచి తాతముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చారు. ఇప్పుడు మగవాళ్లు పవర్‌లూమ్ కార్ఖానాల్లో చద్దర్లు, టవళ్లు నేస్తున్నారు. ఆడవాళ్లు ఇంట్లోనే చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. పన్నెండు గంటల పాళీ (షిఫ్టు) చేసి వచ్చిన మనిషికి రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు. చాట ముందు పొద్దంతా నడుము వంచి కూర్చున్న మనిషికి అంతకన్నా ఉండదు. అయినా వారానికి ఒక సెలవు ఉంటుంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని మాంసం తినాలనే కోరిక న్యాయమైనది. కుందేలు ఆ రోజుకు బాగా సరిపోతుంది, ఎందుకంటే పనిని రెండు ముక్కలుగా విడగొట్టవచ్చు. ముందురోజు రాత్రి అరగంట, సెలవు నాడు గంటన్నర చాలు.

ముందు కొనే సంగతి. అడవి కుందేలు వేరు, పెంపుడు కుందేలు వేరు. పొలం గట్ల మీద, గడ్డి బీళ్లలో ఉరికే గోధుమరంగు చెవులపిల్లిని ఒకప్పుడు మన పల్లెల్లో వలలు కట్టి పట్టేవాళ్లు. ఆ రుచి గురించి ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడినా, అమ్మినా, కొన్నా నేరమే. జైలు దాకా పోయే నేరం. సోలాపూర్ చుట్టూ ఉన్న గడ్డి భూములు మామూలు బీళ్లు కావు. నాన్నజ్ వైపు బట్టమేక పక్షి కోసం ఏర్పాటు చేసిన అభయారణ్యం ఉంది, అటవీశాఖ వాళ్ల కాపలా ఉంటుంది. ఎవరైనా సంచిలో తెచ్చి "పొలం కుందేలు, చవగ్గా ఇస్తా" అంటే కొనకండి. కేసు ఒక్కటే భయం కాదు. ఆ జంతువు ఎలా చచ్చిందో, ఎన్ని గంటలు ఎండలో ఉందో కొన్నవాడికి తెలిసే దారి లేదు.

మనం తినవలసింది ఫారంలో పెంచిన కుందేలు. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్ వంటి జాతులను మన దేశంలో మాంసం కోసం పెంచుతున్నారు. దీని మాంసం లేత గులాబీ రంగులో, ఉడికాక తెల్లగా ఉంటుంది. అడవి కుందేలుది ముదురు ఎరుపు. మూడు నుంచి నాలుగు నెలల వయసు, రెండు కిలోలకు అటూఇటూ బరువు ఉన్నదాన్ని అడగండి. బొచ్చు, తల, పేగులు పోగా సగానికి కాస్త పైన, అంటే కిలో నుంచి కిలోంబావు దాకా మాంసం వస్తుంది. ఐదుగురున్న ఇంటికి, శేరువ కూడా కలుపుకుంటే, సరిపోతుంది. ఆరు నెలలు దాటినదాన్ని అమ్మేవాళ్లు "పెద్దది, ఎక్కువ మాంసం" అంటారు. నిజమే, కానీ అది వేపుడుకు పనికిరాదు, కుక్కర్‌కు పనికొస్తుంది.

బతికి ఉండగా చూసే అవకాశం ఉంటే కళ్లు తేటగా ఉన్నాయా, ముక్కు పొడిగా ఉందా, చెవుల లోపల చెక్కుకట్టిన పుండ్లు ఉన్నాయా, వెనక భాగం పెంటతో తడిసి ఉందా చూడండి. కోశాక ముఖ్యంగా చూడాల్సింది కార్జం. ఆరోగ్యంగా ఉన్న కుందేలు కార్జం నున్నగా, ఒకే ముదురు రంగులో ఉంటుంది. దాని మీద తెల్లటి చుక్కలు, గింజల్లాంటి గడ్డలు కనిపిస్తే అది కాక్సిడియా అనే పరాన్నజీవి తెచ్చే రోగం జాడ. ఆ కార్జాన్ని పారేయండి. మిగతా కండ కూడా బక్కగా, రంగు మారి, వాసన వేస్తూ ఉంటే మొత్తం వద్దనండి. కొన్నవాడికి ఆ హక్కు ఉంది. మొహమాటపడవద్దు.

కోయడం, తోలు తీయడం అమ్మేవాడి దగ్గరే చేయించండి. సందులో, పిల్లల ముందు, మోరీ పక్కన చేసే పని కాదది. కార్జాన్ని అంటుకుని ఉండే చిన్న ఆకుపచ్చ తిత్తి, చేదుకట్టు, పగలకుండా తీయమని చెప్పండి. అది చిట్లితే తగిలినంత మేరా చేదే. ఇంకొకటి గట్టిగా చెప్పాలి: మొద్దు మీద పెట్టి చిన్న చిన్న తునకలుగా కొట్టనివ్వకండి. కుందేలు ఎముక సన్నం, పెళుసు. కత్తి దెబ్బకు అది సూదుల్లా చీలుతుంది, ఆ చీలికలు కండలో దాక్కుంటాయి. పిల్లల గొంతులో గుచ్చుకుంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. "మొత్తంగా ఇవ్వన్నా, ఇంట్లో కోసుకుంటాం" అనండి. మేకకు అలవాటుపడ్డ చేయి ఒక్కసారి చెబితే ఆగదు, పక్కన నిలబడి రెండోసారి చెప్పండి.

ఇంట్లో కోయడం చాలా సులువు. పదునైన చాకు ఒకటి చాలు. ముందు కాళ్లు రెండూ ఒంటికి ఎముకతో అతుక్కుని ఉండవు, ఉత్త కండతోనే ఉంటాయి. జబ్బ ఎత్తి పట్టుకుని కింద చాకు నడిపితే ఊడి చేతిలోకి వస్తాయి. వెనక తొడను బయటికి వంచితే తుంటి కీలు "టక్" మంటుంది, అక్కడ కోయండి. పక్కటెముకలు ఆగిన చోట నుంచి తోక దాకా ఉన్న నడుమును వెన్నుపూసల మధ్య కీళ్లు చూసి మూడు ముక్కలు చేయండి. మిగిలిన పక్కటెముకలు, మెడ వేరే గిన్నెలో వేయండి, అవి శేరువకు. నడుము మీద వెండిరంగులో మెరిసే పలుచటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని చాకు మొనతో లేపి తీసేయాలి. అది ఉడకదు, వేడికి బిగుసుకుని ముక్కను వంకర చేస్తుంది. అంటుకుని ఉన్న వెంట్రుకలను తడిగుడ్డతో ఏరేయండి.

బీడీలు చుట్టే చేతుల గురించి ఒక మాట. గోళ్ల సందుల్లో తంబాకు పొడి ఉంటుంది. మాంసం ముట్టుకునే ముందు సబ్బుతో రెండుసార్లు, గోళ్ల కింద రుద్ది కడుక్కోండి. తునికాకు కోసే కత్తెరతో వేళ్ల మీద గాట్లు పడి ఉంటాయి చాలామందికి. ఆ గాయాలతో పచ్చి మాంసం పిసకకండి. తొడుగు వేసుకోండి, లేదా ఆ పని ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. కార్ఖానా నుంచి వచ్చినవాళ్లు జుట్టులో, చొక్కాలో నూలు దుమ్ముతో పొయ్యి దగ్గరికి రావద్దు. ముందు స్నానం.

ఇప్పుడు రాత్రి పని. కిలోంబావు మాంసానికి రెండున్నర చిన్న చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల అల్లం ఎల్లిగడ్డ ముద్ద, నాలుగు పెద్ద చెంచాల గట్టి పెరుగు పట్టించి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కోసిన కొద్ది గంటలకు ఏ జంతువు కండ అయినా బిగుసుకుంటుంది. రాత్రంతా చల్లగా ఉంటే మళ్లీ సడలుతుంది, ఉప్పు లోపలికి దిగుతుంది. కొవ్వు లేని మాంసానికి ఈ ఉప్పే సగం కాపుదల, అది కండలో తేమను పట్టి ఉంచుతుంది. నిమ్మరసం రాత్రి వేయకండి, పులుపుకు పైపొర తెల్లబడి పిండిలా అవుతుంది. లేత కుందేలుకు బొప్పాయి ముద్ద అసలే అక్కర్లేదు.

ఫ్రిజ్ లేని ఇళ్లు కుమఠా నాకాలో ఇంకా ఉన్నాయి. అలాంటి వాళ్లు రాత్రి నానబెట్టే ఆలోచన మానేయాలి. సోలాపూర్ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటిన రోజులు వరుసగా వస్తాయి, రేకుల ఇంట్లో రాత్రి కూడా వేడి తగ్గదు. పొద్దున్నే తెచ్చుకుని, గంట నానబెట్టి, మధ్యాహ్నం లోపల వండేయండి. రుచి ఒక మెట్టు తగ్గుతుంది, కడుపు మాత్రం భద్రంగా ఉంటుంది.

కొవ్వు లేదన్నాను కదా. అది మనం బయట నుంచి ఇవ్వాలి. ప్రపంచంలో కుందేలు తినేవాళ్లందరూ ఏదో రూపంలో చేసేది ఇదే. మాల్టా ద్వీపంలో కుందేలు పండుగ భోజనం, వాళ్లు వైన్‌లో, నూనెలో నెమ్మదిగా ఉడికిస్తారు. స్పెయిన్‌లోని వాలెన్సియాలో అన్నంతో కలిపి వండే పాయెల్లాలో కుందేలు ముక్కలు ఆలివ్ నూనెలో వేగాకే బియ్యం పడుతుంది. ఉత్తర ధ్రువం వైపు చలి దేశాల్లో వారాల తరబడి ఉత్త కుందేలు మాంసమే తిని, కొవ్వు దొరకక జబ్బుపడిన వాళ్ల గురించి అన్వేషకులు రాశారు. ఆ జబ్బుకు కుందేలు పేరే పెట్టారు. మనకు ఆ ప్రమాదం లేదు, మన వంటింట్లో పల్లీలు ఉన్నాయి.

శేంగా చట్నీకి, అంటే పల్లీల పచ్చడికి, పేరుపడ్డ ఊరిది. ఆ పల్లీలే ఈ వంటకు ప్రాణం. గుప్పెడున్నర పల్లీలు, పావు చిప్ప ఎండుకొబ్బరి, ఒక పెద్ద చెంచా నువ్వులు విడివిడిగా దోరగా వేయించి, నూనె ఊరేదాకా నూరండి. దీనికి రెండు చెంచాల సోలాపూర్ నల్ల మసాలా, రుచికి తగ్గ కారం కలపండి. రాతిపువ్వు, కాల్చిన కొబ్బరి వాసన ఉండే ఆ మసాలా కుందేలుకు మేకకన్నా బాగా అతుకుతుందని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ మాంసానికి సొంతంగా ఘాటు వాసన లేదు, మసాలాతో పోటీపడదు. దుకాణంలో కొన్న పొట్లమైతే అందులో ఉప్పు కలిసి ఉందేమో చూసుకోండి. మాంసానికి రాత్రే ఉప్పు పట్టించాం కదా.

ఇక మంట. ఇక్కడే అందరూ తప్పుతారు, అన్ని ముక్కలనూ ఒకే గిన్నెలో వేసేస్తారు. వెనక తొడ జీవితమంతా గెంతిన కండ. అది మెత్తబడాలంటే సమయం కావాలి. నడుము కండ ఏ కష్టమూ ఎరగదు, పావుగంటలో ఉడికిపోతుంది, ఆపైన ఉంచితే కొయ్యే. కాబట్టి వాటికి రెండు వేరువేరు లెక్కలు.

మందపాటి అడుగున్న గిన్నెలో నాలుగు పెద్ద చెంచాల నూనె వేడిచేసి, తొడలూ జబ్బలూ వేసి, మధ్యస్థ మంట మీద అన్ని వైపులా ఎర్రబడేలా తిప్పండి. పది నిమిషాలు పడుతుంది. ఎక్కువ ముక్కలు కుక్కితే నీరు ఊరి, వేగడానికి బదులు ఉడుకుతాయి, అవసరమైతే రెండు దఫాలుగా వేయండి. సన్నగా తరిగిన రెండు ఉల్లిగడ్డలు వేసి, అవి మెత్తబడ్డాక చిన్న గ్లాసుడు నీళ్లు పోసి, బరువైన మూత పెట్టి మంట పూర్తిగా తగ్గించండి. నలభై ఐదు నిమిషాలు. మధ్యలో ఒక్కసారి ముక్కలు తిరగేయండి, ఊరికే మూత తీస్తూ ఉండకండి. చాకు మొన తొడలోకి అడ్డం లేకుండా దిగితే ఉడికినట్టు. అప్పుడు పల్లీ మసాలా ముద్ద వేసి, మూత తీసి, మంట కొంచెం పెంచి, ముద్ద ముక్కలను పట్టి నూనె తేలేదాకా కలుపుతూ ఉండండి. పల్లీ త్వరగా మాడుతుంది. ఈ చివరి ఐదు నిమిషాలు పొయ్యి దగ్గర నుంచి కదలవద్దు, ఫోన్ మోగినా సరే.

తొడలు ఉడుకుతుండగా నడుము ముక్కలను ఫ్రిజ్ నుంచి తీసి బయట ఉంచండి. తినే సమయానికి ఇరవై నిమిషాల ముందు పెనం మీద నూనె వేసి, మూతపెట్టి, రెండు వైపులా కలిపి పదిహేను నిమిషాలు వేపండి. ఎముక దగ్గర గుచ్చితే వచ్చే రసం తేటగా ఉండాలి, ఎరుపు కనిపించకూడదు. వంట థర్మామీటర్ ఉంటే లోపల 71 డిగ్రీలు రావాలి. పొయ్యి ఆపాక ఐదు నిమిషాలు మూతకింద అలాగే ఉంచి తర్వాత వడ్డించండి. కార్జం, గుండెకాయ అదే పెనం మీద, చివర్లో, మూడు నాలుగు నిమిషాలు, మధ్యలో పచ్చి లేకుండా. పిల్లలకు మొదట అవి పెట్టండి. గ్యాస్ ఆదా కావాలంటే తొడలను కుక్కర్‌లో చిన్న మంట మీద రెండు కూతలు రానిచ్చి, తర్వాత గిన్నెలో మసాలాతో వేపుకోవచ్చు. అది తప్పేం కాదు. ఓవెన్ ఉన్నవాళ్లు 160 డిగ్రీల దగ్గర, పళ్లేన్ని గట్టిగా కప్పి గంటసేపు ఉంచి, ఆఖరి పది నిమిషాలు కప్పు తీసి 200 కు పెంచితే చాలు.

నిప్పుల మీద కాల్చిన రుచి వేరని చాలామంది అంటారు. నిజమే. అయితే ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మన ఇళ్ల సంగతి వేరు. ఒకే గది, ఒకే తలుపు, పక్క గోడకు మగ్గాలు, మూలన నూలు కోన్లు, అటక మీద తునికాకు కట్టలు. ఒక్క నిప్పురవ్వ నూలు దుమ్ములో పడితే చాలు. బొగ్గుల సిగిడీని ఇంట్లో, కార్ఖానా గడపలో, మెట్ల కింద ఎప్పుడూ వెలిగించకండి. తలుపు మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత స్పృహే ఉండదు. చలికాలంలో వెచ్చదనం కోసం సిగిడీ లోపలికి లాక్కుని పడుకుని ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మేడ మీద, గాలి లేని వేళ, ఆరేసిన బట్టలకు దూరంగా, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని చేయండి. పని అయ్యాక బొగ్గుల మీద నీళ్లు పోసి, బూడిదను చేత్తో కాదు, పుల్లతో కెలికి చూసి ఆర్పండి.

అలా కాల్చేటప్పుడు తొడలను ముందే ముప్పావు వంతు ఉడికించి పెట్టుకోవాలి. పచ్చి తొడను నేరుగా నిప్పుల మీద పెడితే పైన బొగ్గు, లోపల పచ్చి. బొగ్గులు మంట తగ్గి, పైన బూడిద పొర కట్టాక పెట్టండి. నడుము ముక్కలు పచ్చివే నేరుగా పెట్టవచ్చు, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. ఉల్లిగడ్డను సగానికి కోసి, ఫోర్కుకు గుచ్చి, నూనెలో ముంచి రెండు నిమిషాలకోసారి రుద్దుతూ ఉండండి. పల్లీ ముద్ద ఆఖరి రెండు మూడు నిమిషాల్లోనే పూయాలి. నిమ్మకాయ పిండాల్సింది నిప్పుల మీద నుంచి దించాకే.

మెడ, పక్కటెముకలు మర్చిపోకండి. అవి ఉల్లిగడ్డ, నాలుగు మిరియాలు, లీటరు నీళ్లతో గంటసేపు చిన్న మంట మీద ఉడికితే చక్కటి శేరువ వస్తుంది. తప్పకుండా వడకట్టండి, ఆ సన్నటి ఎముకల సంగతి ముందే చెప్పాను. నల్ల మసాలా తాలింపు పెట్టి, అందులో కడక్ జొన్నరొట్టె విరిచి వేసుకుంటే వేపుడు కొంచెమే ఉన్నా కడుపు నిండుతుంది. మంగళవేఢా జొన్నలు దొరికే ఊళ్లో ఉండి దీన్ని వదులుకోవడం అన్యాయం.

ఇంత చదివాక "మనమే పెంచుకుంటే?" అని కొందరికి తోస్తుంది. ఈ ఊళ్లో, మన ఇళ్లలో వద్దంటాను. కుందేలు చలిని ఓర్చుకుంటుంది, ఎండను ఓర్చుకోలేదు. ముప్పై డిగ్రీలు దాటి వేడి కొనసాగితే మగవాటికి సంతానశక్తి తగ్గుతుంది, ఇంకా పెరిగితే జంతువులు చస్తాయి. పైగా మగ్గాల చప్పుడుకు అవి బెదురుతాయి. "పంజరాలు కొనండి, పిల్లల్ని మేమే తిరిగి కొంటాం" అంటూ ముందు డబ్బు కట్టించుకునేవాళ్లు ఎవరొచ్చినా, కొనేవాడి పేరు, చిరునామా, పాత రైతుల అనుభవం మీ కాళ్లతో వెళ్లి చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. దివాళీ బోనస్ అలాంటి వాటికి పోసేది కాదు.

మిగిలిన కూర గురించి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, ఎండాకాలంలో ఒక గంటే. మరునాటికి మించి ఉంచకండి. పాళీకి డబ్బాలో తీసుకెళ్లవచ్చా అని అడుగుతారు. చలికాలంలో, పొద్దున ఆవిరి వచ్చేలా మళ్లీ వేడిచేసి, శేరువ లేకుండా పొడి వేపుడు మాత్రమే, మొదటి విరామంలోనే తినేటట్టయితే తీసుకెళ్లండి. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం కార్ఖానా వేడిలో మాంసం డబ్బా పెట్టకండి. ఆ నెలల్లో డబ్బాలోకి జొన్నరొట్టె, శేంగా చట్నీ.